పాట పూర్తయ్యేదాకా

నేను ఒక ప్రెషర్ కుక్కర్ని. పప్పు ఉడకబెట్టడానికి పుట్టి, బతుకంతా కత్తెర్లు ఉడకబెట్టినదాన్ని. ఇప్పుడు ఆ పనీ లేదు. రబ్బరు ఎండి పగిలిపోయింది, మూత మీది గుండు ఎక్కడో పడిపోయింది. మలావీ దేశంలో చింగొండె అనే పల్లెటూళ్ళో, ఒక చిన్న ఆసుపత్రి సామాన్ల గదిలో, వేరుశనగ విత్తనాలు కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. ఎలుకలు వచ్చి నా చుట్టూ ప్రదక్షిణాలు చేసి ఉసూరుమంటూ పోతుంటాయి. ఈ వయసులో నాకదే కాలక్షేపం.

పుట్టింది మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో. అల్యూమినియం బిళ్ళని మర కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కారు, గిన్నెనయ్యాను. అక్కణ్ణించి తెనాలిలో ఒక పాత్రల కొట్టుకి చేరాను. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు నలుగురొచ్చి, నన్ను వేలితో కొట్టి, చెవి పెట్టి విని, బేరమాడి కొన్నారు. కొన్న గిన్నె మీద పేరు కొట్టించకపోతే మనవాళ్ళకు నిద్ర పట్టదు కదా. “సువార్తమ్మకు స్త్రీల సమాజము వారి కానుక” అని నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా కొట్టించారు. ఆ నొప్పి ఇంకా గుర్తుంది.

సువార్తమ్మ నర్సు. ఆమె భర్త దయానందంగారు పాస్టరు. ఇద్దరూ మిషన్ తరఫున ఆఫ్రికా వెళ్తున్నారు. అక్కడ తిండికి కటకటలాడతారని బెంగపడి, స్త్రీల సమాజం వాళ్ళు నాతోపాటు ఒక గోనెసంచి నిండా కందిపప్పు కూడా ఇచ్చారు. తీరా ఓడ దిగి, రైలెక్కి, లారీలో పడి చింగొండె చేరితే, ఆ చుట్టుపక్కల చేలన్నీ కంది చేలే. ఒక దేశానికి మేలు చేద్దామని బయల్దేరేవాళ్ళు ఆ దేశంలో ఏం పండుతుందో ముందు కనుక్కోరు. ఇది నేను ఒక్క వీళ్ళ గురించే అనడం లేదు.

ఊళ్ళో మట్టి ఇటుకలతో కట్టి రేకులు కప్పిన రెండు గదుల ఆసుపత్రి, దాని పక్కనే చిన్న చర్చి ఉండేవి. ఆసుపత్రి వెనక గోడలు లేని వంటపాక, అందులో మూడు రాళ్ళ పొయ్యి. పాకలోంచి చూస్తే దిగువన ఏరు, ఏటి మీద దుంగల వంతెన, అవతలి గట్టు మీద జిల్లా ఊరికి పోయే బాట కనిపించేవి. ఆసుపత్రి పనిముట్లు ఉడకబెట్టే పెద్ద డబ్బా దారిలో ఏ రేవులో దిగిపోయిందో గాని చింగొండెకి చేరలేదు. సువార్తమ్మ సామానంతా తిరగేసి చివరికి నా వంక చూసింది. ఆ చూపుతో నా వంటింటి బతుకు ముగిసింది. కత్తెర, పట్టుకారు, బొడ్డు కట్టే దారం, గుడ్డలు నాలోకి వచ్చాయి. పాస్టరుగారి పప్పు కుండలోకి పోయింది. పూటంతా ఉడికినా పలుకు పలుకుగానే ఉండేది. ఆయన పాపం ప్రార్థన చేసుకుని మింగేవారు.

ఆ ఊళ్ళో అప్పటికి పసిపిల్లలు బతకడం గగనంగా ఉండేది. పుట్టినప్పుడు బాగానే ఏడ్చి, పాలు తాగి, వారం తిరిగేలోగా దవడ బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగిపోయి చనిపోయేవారు. బొడ్డు కోయడానికి పదునైన రెల్లు పేడు వాడేవారు, పైన బూడిద అద్దేవారు. కాన్పులన్నీ చేసేది నాఫిరి అనే ముసలామె. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి దించిన చేతులవి. సువార్తమ్మ వచ్చిన కొత్తల్లో, అందరి ముందూ, కాన్పు గది గడప తొక్కొద్దని ఆమెకు చెప్పేసింది. అప్పట్నించి నాఫిరి ఏటి ఒడ్డున తన గుడిసె అరుగు మీద కూర్చుని ఆసుపత్రి వైపు చూస్తూ ఉండేది.

ఎనిఫా ఆ ఊరి మనిషే. ఇద్దరు మగపిల్లల్ని ఆ దవడ జబ్బుకే పోగొట్టుకుంది. మిగిలింది ఒక్క కూతురు దోరికా. ఆసుపత్రి తెరిచిన మొదటి వారంలోనే వచ్చి, జీతం మాట ఎత్తకుండా, ఊడవడం మొదలుపెట్టింది. సువార్తమ్మ ఆమెకి అన్ని పనులూ నేర్పింది. ఎనిఫా ఆమెని ‘అమాయి’ అని పిలిచేది. వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నిన్ను మళ్ళీ అమ్మాయిని చేశారే అని పాస్టరుగారు భార్యని ఆటపట్టించేవారు.

ఇక పాట సంగతి. వచ్చిన కొత్తల్లోనే సువార్తమ్మ చేతి గడియారం వానలో తడిసి ఆగిపోయింది. నేను కూత వేశాక ఇంకా కొంతసేపు గట్టి మంట మీద ఉంటేగాని పనిముట్లు శుద్ధి కావు. ఆ కొంతసేపుని కొలిచేదెట్లా? ఆమెకి చిన్నప్పటి నుంచీ వచ్చిన ఒక కీర్తన ఉంది. చరణాలు బోలెడు, సాగదీసి సాగదీసి పాడాలి. నేను కూయగానే పల్లవి ఎత్తుకుని చివరి చరణం దాకా పాడితే సరిగ్గా సరిపోయేది. పాడుతూ రెండు చేతులూ ఊపి తాళం వేసేది. “పాట పూర్తయ్యేదాకా మూత ముట్టుకోవద్దు” అని ఎనిఫాకి మొదటి పాఠం చెప్పింది. ఎనిఫా పాట నేర్చుకుంది. వరండాలో కాచుకున్న ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. అచ్చమైన తెలుగు కీర్తన, ఒక్క ముక్కకి అర్థం తెలియకుండా, నాలుగు గొంతులు నాలుగు స్థాయిల్లో కలిపి, తెనాలి చర్చి సిగ్గుపడేంత గొప్పగా పాడేవారు. పసిపిల్లలు చావడం ఆగింది. పాట వింటూ పుట్టిన పిల్లలు బతుకుతారని ఊరంతా అనుకుంది. పాట కోసం వచ్చినవాళ్ళు ఆదివారం చర్చికీ రావడం మొదలుపెట్టారు. పాస్టరుగారు ఉబ్బితబ్బిబ్బై, మంచి కలప తెప్పించి, వాళ్ళు కూర్చోవడానికి తన చేతులతో బల్లలు చేశారు. ఆడవాళ్ళు ఆ బల్లల్ని మర్యాదగా పక్కకి జరిపి, చాపలు వేసుకుని కూర్చున్నారు. ఆయన ప్రతి శనివారం ఆ బల్లల్ని తుడుచుకునేవారు.

కొన్నాళ్ళకి కొత్త గడియారం వచ్చింది. సువార్తమ్మ చేతికి పెట్టుకుంది. పాట మాత్రం మానలేదు. ఒకరోజు ఎనిఫా అడిగింది, ఇనుముని శుద్ధి చేసేది ఈ పాటేనా అని. వరండా నిండా ఆడవాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. సువార్తమ్మ కాస్త తటపటాయించి, “శుద్ధి చేసేది దేవుడమ్మా” అంది. ఆమె మనసులో అది అబద్ధం కాదు. కాని ఎనిఫా అడిగింది దేవుడి గురించి కాదు, కత్తెర గురించి. నాకు కోపమొచ్చింది. వచ్చి ఏం లాభం, ఆవిరి ఉంటేగాని నాకు గొంతు లేదు.

ఇక ఆ రోజు గురించి చెబుతాను. వానాకాలం. మందులకీ కిరసనాయిలుకీ భార్యాభర్తలిద్దరూ జిల్లా ఊరికి వెళ్ళారు, మర్నాటికి వచ్చేస్తామని. వెళ్ళిన రోజు ఒకాయన మేకల దొడ్డిలో కాలికి ముల్లు దిగి, మడమ చీము పట్టి వచ్చాడు. ఎనిఫా కత్తెరతో కోసి, చీము తీసి, కట్టు కట్టింది. కత్తెర కడిగి నాలో వేసింది. ఆ తర్వాత వాన మొదలైంది. తెల్లారేసరికి ఏరు గట్లు ఒరుసుకుని పోతోంది, దుంగల వంతెన జాడ లేదు. అదే పొద్దున దోరికాకి నొప్పులొచ్చాయి. ఎనిఫా కూతురికి తొలి కాన్పు.

ఎనిఫా నాలో దారం, గుడ్డలు సర్ది, నీళ్ళు పోసి, మూత బిగించి పొయ్యి మీద పెట్టింది. కట్టెలన్నీ నానిపోయి ఉన్నాయి. చిదుగులు పేర్చి ఊదింది, పొగ వచ్చింది. గడ్డి దోపి ఊదింది, మంట లేచి ఆరిపోయింది. సీసాలో కిరసనాయిలు చుక్క లేదు. ఊది ఊది ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. కాన్పు గదిలోంచి దోరికా కేక వినిపించింది. పక్కన కూర్చున్న ఆడమనిషి బయటికొచ్చి, తల కనబడుతోందని చెప్పింది. నా కడుపులో నీళ్ళు చేతులు కడుక్కునేపాటి వెచ్చగా కూడా లేవు. ఆ నీళ్ళలో మేకల దొడ్డి విషంతో కత్తెర మునిగి ఉంది.

ఎనిఫా ఊదుడుగొట్టం కింద పెట్టి లేచి నిలబడింది. ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే అందులో భయం లేదు. నిప్పు పెట్టడం మన పని, శుద్ధి చేయడం దేవుడి పని, మన పని కాస్త తగ్గినంత మాత్రాన ఆయన పని తగ్గుతుందా అని వరండాలో ఆడవాళ్ళతో అంది. అంత నమ్మకం సువార్తమ్మకి కూడా లేదు, ఆమె ఎప్పుడూ నిప్పు చూసుకునే పాడింది. ఎనిఫా కళ్ళు మూసుకుని పల్లవి ఎత్తుకుంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఇంత బాగా వాళ్ళు ఎన్నడూ పాడలేదు.

నేను ఎన్నో పాటలు విన్నాను, ఆ పాట అంత పొట్టిదని ఆ రోజే తెలిసింది. మొదటి చరణం అయిపోయింది. రెండోది అందుకున్నారు. పాట పూర్తయితే మూత తీస్తుంది, ఆ కత్తెరతో తన మనవడి బొడ్డు తన చేత్తోనే కోస్తుంది. కూయాలని నేను పడ్డ యాతన దేవుడికే తెలియాలి. చల్లటి నీళ్ళు కడుపులో పెట్టుకుని ఎవరు కూయగలరు?

అప్పుడే అవతలి గట్టు మీద ఇద్దరు మనుషులు కనబడ్డారు. తడిసి ముద్దయిన సువార్తమ్మ, నెత్తి మీద మందుల పెట్టెతో పాస్టరుగారు. పాట వినగానే మొదట సంతోషించిందట, తర్వాత తనే చెప్పింది. అంతలో పాక వైపు చూసింది. పొగ లేదు. నా కూత విన్న గుర్తు లేదు. పాట మాత్రం సాగుతోంది. ఏం జరుగుతోందో ఆమెకి అర్థమైపోయింది. గొంతు చించుకుని అరిచింది. ఏటి హోరులో ఆ అరుపు మా దాకా రాలేదు. ఇవతలి ఒడ్డున, నీళ్ళకి దగ్గరగా, తన గుడిసె ముందు నిలబడ్డ నాఫిరికి మాత్రం వినబడింది. తను గడప తొక్కొద్దన్న మనిషి చేతికే తన మాట అప్పగించాల్సి వచ్చింది సువార్తమ్మకి.

నాఫిరి గట్టెక్కి వచ్చింది. పాకలోకి రాకుండా వానలోనే నిలబడింది. “ఎనిఫా, ఆపు. ఆవిడ ఆపమంటోంది. పాటలో ఏమీ లేదంట. ఉన్నదంతా నిప్పులోనే ఉందంట” అంది.

ఎనిఫా ఆపలేదు. చరణం చివరిదాకా పాడి, ఊపిరి తీసుకునే వ్యవధిలో, “అగోగో, ఈ మాట అనడానికి ఎన్నాళ్ళుగా కాచుకు కూర్చున్నారు?” అంది. అగోగో అంటే అవ్వ. వరండాలో ఆడవాళ్ళు నాఫిరిని కొరకొరా చూసి, గొంతు ఇంకా పెంచారు.

“నేను అనదలుచుకుంటే ఎప్పుడో అనేదాన్ని. అదుగో నిలబడింది, నువ్వే చూసుకో,” అంది ముసలామె.

ఎనిఫా పాడుతూనే ఏటి వైపు తిరిగింది. సువార్తమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది, ఆపమని. పాడేటప్పుడు ఎప్పుడూ అలాగే ఊపుతుంది గదా. అమాయి తాళం వేస్తోందనుకుంది ఎనిఫా. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తలూపి, ఇంకా గట్టిగా అందుకుంది. అవతల సువార్తమ్మ ఇంకా జోరుగా ఊపింది, ఇవతల పాట ఇంకా జోరందుకుంది. చివరి చరణం మొదలైంది. లోపల దోరికా అరుపుల మధ్య ఎడం తగ్గిపోతోంది.

సువార్తమ్మకి అప్పుడు తట్టింది, తన చేతులే తన మాటని చంపేస్తున్నాయని. ఊపడం ఆపేసింది. చీర కొంగు తీసి ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. దాని మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ నిలబడిపోయింది. ఆ పాట మొదలైతే ఎక్కడున్నా గొంతు కలపకుండా ఉండలేని మనిషి నోరు మూసుకుని నిలబడడం ఊరంతా చూసింది.

ఎనిఫా గొంతు మధ్యలో తెగిపోయింది. ఆడవాళ్ళు ఇంకో ముక్క పాడి, ఒకరి ముఖాలొకరు చూసుకుని, ఆగిపోయారు. అంతసేపటి పాట తర్వాత వాన చప్పుడు పెద్దగా వినబడింది. ఎనిఫా నా దగ్గరికొచ్చి మూత మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. “ఎండు కట్టె కావాలి” అంది. ఊళ్ళో ఎండు కట్టె ఒక్కచోటే ఉంది, చర్చిలో. ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎనిఫా ఏటి ఒడ్డుకి పరిగెత్తి, చర్చి వైపు వేలు చూపించి నిలబడింది. పాస్టరుగారు నెత్తి మీది పెట్టె దించారు. రెండు చేతులతో గాలిలో కట్టె పట్టుకున్నట్టు పట్టుకుని, మోకాలి మీద పెట్టి ఫెళ్ళున విరిచినట్టు చూపించారు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూపించారు. ఆయన చేసిన ప్రసంగాలన్నిట్లో ఆ ఊరికి పూర్తిగా అర్థమైనది అదొక్కటే. ఆడవాళ్ళు మొక్కజొన్నలు దంచే రోకళ్ళు పట్టుకుని చర్చిలోకి వెళ్ళారు. నాఫిరి తన పొయ్యిలోంచి కుండపెంకులో నిప్పులు తెచ్చి పాక బయట నిలబడింది. ఎనిఫా అవి అందుకుని, లోపలికి వెళ్ళి దోరికాని చూడమంది.

“నన్ను రావద్దన్నారు గదా” అంది ముసలామె.

“నేను రమ్మంటున్నాను. బొడ్డు మాత్రం ముట్టుకోకండి అగోగో. ఇది కూసేదాకా ముట్టుకోకండి.”

నాఫిరి చేతులు కడుక్కుని గడప దాటింది. బల్ల చెక్కలు భగ్గున అంటుకున్నాయి. పాస్టరుగారి కలప అబద్ధమాడలేదు. నా అడుగు కాలింది, నీళ్ళు కదిలాయి, బుడగలు లేచాయి. ఇంతలో లోపల పసిబిడ్డ ఏడుపు వినబడింది. వాడు నాకంటే ముందే వచ్చేశాడు. నాఫిరి వాణ్ణి తల్లి పొట్ట మీద పడుకోబెట్టి, గుడ్డ కప్పి, బొడ్డు తాడు కదలకుండా చూసుకుంటూ కూర్చుంది. అందరి కళ్ళూ నా మూత మీది గుండు మీదే ఉన్నాయి. అంతమంది చూస్తుంటే ఆవిరి కూడా తొందరగా రాదేమోననిపించింది. చివరికి గుండు వణికింది. బతుకంతటికీ సరిపడా కూత కూశాను.

అది అవతలి గట్టుకీ వినబడింది. సువార్తమ్మ నోట్లోంచి కొంగు లాగేసి, చేతులెత్తి, తాళం వేస్తూ పల్లవి అందుకుంది. ఎనిఫా అయోమయంగా చూసింది. ఇందాక వద్దన్న పాట ఇప్పుడెందుకో ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పాడింది, ఒక చెక్క తర్వాత ఒక చెక్క పొయ్యిలోకి ఎగదోస్తూ. ఆడవాళ్ళు మాత్రం ఈసారి గొంతు కలపలేదు. ఏటికి ఇటొకరు అటొకరు ఇద్దరే చివరి చరణం దాకా పాడారు. అప్పుడు మూత తీసి, కత్తెర తీసి, బొడ్డు కోశారు.

మర్నాడు నీళ్ళు తగ్గాక సువార్తమ్మ నడుము లోతులో ఏరు దాటి వచ్చింది. రాగానే బిడ్డ నోట్లో వేలు పెట్టి చూసింది, దవడ మెత్తగా ఉంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. వాడు పాలు తాగినంతసేపూ ఎనిఫా పక్కన కూర్చుని ఆ బుగ్గల కదలికే చూసేది. వాడు నోరు తెరవడం కాస్త ఆలస్యమైతే ఆమెకి పైప్రాణాలు పైనే పోయేవి. నాఫిరి కూడా వచ్చి కూర్చునేది, ఆమెని ఎవరూ వెళ్ళమనలేదు. గండం రోజులు దాటాయి. వాడు ఆకలేస్తే ఊరెగిరిపోయేలా ఏడ్చాడు, ఆ ఏడుపు విని పెద్దవాళ్ళు నవ్వారు.

ఆదివారం చర్చిలో సగం చాపలు ఖాళీగా ఉన్నాయి. పాటలో ఏమీ లేదని నర్సమ్మే చెప్పింది, ఇంక చర్చికి వెళ్ళడమెందుకనుకున్నారు జనం. పాస్టరుగారు బల్లల్లేని గదిలో ఉన్నవాళ్ళతోనే ప్రార్థన జరిపించారు. సువార్తమ్మ ఆ సాయంత్రం వంటపాకలో నన్ను తోముతూ కూర్చుంది. ఎనిఫా వచ్చి ఎదురుగా కూర్చుంది.

“పాటలో ఏమీ లేకపోతే, ఇది కూశాక మళ్ళీ ఎందుకు పాడారు అమాయి?” అని అడిగింది.

“గడియారానికి బదులు. కూశాక ఎంతసేపు ఉడకాలో కొలవడానికి.”

“మీ చేతికి గడియారం వచ్చి చాలా కాలమైంది కదా.”

సువార్తమ్మ తోమడం ఆపింది. “మీరంతా పాడుతుంటే చర్చి నిండుతోందని” అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత కష్టపడిందో, ఆమె చేతుల్లో ఉన్న నాకు తెలిసింది.

ఎనిఫా కోప్పడుతుందనుకున్నాను. వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె నన్ను సువార్తమ్మ చేతుల్లోంచి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, లోపలికి తొంగి చూసింది.

“మరిగే నీళ్ళలో ఏదో చస్తుంది, అందుకే ఉడకబెడతారు. అంతేనా?”

“అంతే.”

“నా కంటికి కనబడనిది.”

“ఎవరి కంటికీ కనబడదు. చాలా చిన్నది. మట్టిలో ఉంటుంది, రెల్లులో ఉంటుంది, బూడిదలో ఉంటుంది.”

ఎనిఫా నా అంచు గట్టిగా పట్టుకుంది. “నా కొడుకులిద్దర్నీ చంపింది అదేనా?”

“అదే” అంది సువార్తమ్మ.

నా మీద రెండు నీటిచుక్కలు పడ్డాయి. ఎనిఫా తుడుచుకోలేదు. ఏటి వైపు తిరిగి, నాఫిరిని కేకేసి రమ్మంది. ముసలామె వచ్చి పక్కన చతికిలబడేదాకా ఆగింది.

“ఇప్పుడు చెప్పండి అమాయి, మొదటి నుంచీ,” అంది. “మా ఇద్దరికీ చెప్పండి.”